తక్కెడ పక్కన డైటీషియన్

వదినగారూ, ఆ బక్కెట్టు అక్కడ పెట్టి ఒక్కసారి గోడ దగ్గరికి రండి. చిన్నరసాలు తెచ్చాను. ఆగిరిపల్లి బావగారి తోటవి. ఈ ఏడు తామర పురుగు తిన్నది తినగా, ఈదురుగాలి రాల్చింది రాల్చగా చెట్టున మిగిలిన కాయలు. వరిగడ్డిలో మాగేశాను, కార్బైడు వాసన కూడా తగల్లేదు. తొడిమ దగ్గర జీడి ఉంటుంది, కాసేపు నీళ్ళలో వేసి ఉంచండి.

ఏమిటీ, వద్దా? అన్నయ్యగారికి షుగరని తేలిందా? అయ్యో, ఎప్పుడూ? డాక్టరు గారు మామిడిపండు పేరెత్తద్దన్నారా! నూజివీడులో పుట్టి పెరిగిన మనిషితో, అదీ మే నెలలో, ఆ మాట అనడానికి ఆయనకి నోరెలా వచ్చిందో గానీ. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. ఆస్పత్రిలో డైటీషియన్ అమ్మాయి ఇచ్చిందా? పొద్దున ఓట్సు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, పనీర్ కూర. సాయంత్రం గ్రీన్ టీ. అన్నయ్యగారు గ్రీన్ టీ తాగుతుంటే నన్ను పిలవండి, గోడెక్కి చూస్తాను.

ఆ పిల్లని అనడానికేం లేదు లెండి. ఒక్కో రోగికి దొరికేది ఐదు నిమిషాలు. బయట ఇంకో ఇరవై మంది కుర్చీల్లో. ఈ కాగితం ఎక్కడో ఉత్తరాదిలో ఎవరో తయారుచేసిందై ఉంటుంది, జిరాక్సు మీద జిరాక్సు తీసి పంచుతున్నారు. ఇంతకీ నా బాధ కాగితం గురించి కాదు. మనకి డైటీషియన్ కనబడేది జబ్బు వచ్చాక, మంచం పక్కన. తిండి విషయం తేల్చుకునేదేమో అంతకు ముందే, కొట్లో, డబ్బులిచ్చే చోట. ఆ చోట మనకి చెప్పే మనిషే లేదు.

మా పెద్దక్క కోడలు తెలుసు కదా, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో న్యూట్రిషన్ చదివిన పిల్ల. పెళ్ళయి అమెరికా వెళ్ళి, మళ్ళీ పరీక్షలు రాసి అక్కడ రిజిస్టర్డ్ డైటీషియన్ అయింది. అదేం తేలిక కాదటండోయ్. ఆస్పత్రుల్లో, ఇతర చోట్ల పెద్దవాళ్ళ కింద కనీసం వెయ్యి గంటలు పనిచేసి చూపాలి. 2024 నుంచయితే మాస్టర్స్ డిగ్రీ లేకుండా ఆ పరీక్షకి కూర్చోనివ్వడం లేదు. ఇంత చదివి ఎక్కడ ఉద్యోగమంటారు? సరుకుల కొట్లో! మా అక్క ఆర్నెల్ల పాటు ఎవరికీ చెప్పలేదు. ‘కోడలు ఏం చేస్తోంది?’ అంటే ‘హెల్త్ లైన్’ అనేది. పచారీ కొట్లో పనిచేస్తోందంటే నలుగురూ ఏమనుకుంటారో అని.

వీడియో కాల్‌లో నేనే అడిగాను, ‘అమ్మాయ్, నీ పనేమిటి సరిగ్గా?’ అని. చెప్పింది. కూరగాయల వరసకీ మందుల కౌంటరుకీ మధ్య దానికో బల్ల ఉంటుందట. బీపీ ఉందని చెప్పి ఒకాయన వస్తాడు. ఆయన బండిలో ఉన్న సూప్ డబ్బా తీసి, వెనక ఉప్పు ఎంతుందో చూపించి, పక్క అరలో అదే కంపెనీది ఉప్పు తక్కువ ఉన్న డబ్బా చేతిలో పెడుతుంది. గోధుమ పడని పిల్లాణ్ణి తీసుకుని తల్లి వస్తుంది. ఆవిడని వెంటబెట్టుకుని వరసలన్నీ తిప్పి, ఏది కొనచ్చో ఏది కూడదో చూపిస్తుంది. శనివారం ఓ చిన్న పొయ్యి పెట్టి శనగలతో ఏదో వండి రుచి చూపిస్తుంది. ఆ శనగలు పక్కనే అమ్మకానికి ఉంటాయనుకోండి, అది వేరే సంగతి. చీటీ రాసిచ్చి పంపేయడం కాదు, సరుకు చేతిలో పట్టుకుని మాట్లాడటం. అదీ దాని పని.

మీరడగబోయేది నాకు తెలుసు. ‘జీతం ఇచ్చేది కొట్టువాడే కదా, కొట్టువాడి సరుకు కొనద్దని చెబుతుందా?’ అని. నేనూ అదే అడిగాను. నవ్వేసి, ‘అక్కడే ఉంది పిన్నీ చిక్కు’ అంది. ఫలానా చిప్స్ కొనద్దని గట్టిగా చెప్పదట. ‘దీని బదులు ఇది చూడండి’ అంటుందట. ఉద్యోగం నిలబడాలి కదా పాపం.

అయితే అందరూ అంత మెత్తగా ఊరుకోలేదు. అక్కడ జెయింట్ ఫుడ్ అని ఒక కొట్ల కంపెనీ ఉంది. 1970లో వాళ్ళు ఎస్తేర్ పీటర్సన్ అనే ఆవిణ్ణి కొనేవాళ్ళ తరఫు మనిషిగా పెట్టుకున్నారు. అంతకు ముందు ఆవిడ కెనెడీ, జాన్సన్ ప్రభుత్వాల్లో పెద్ద పదవులు చేసింది. డైటీషియన్ కాదు, కార్మిక సంఘాల నుంచి వచ్చిన మనిషి. ‘వ్యాపారుల పక్షాన చేరిపోయావేం’ అని పాత స్నేహితులు కొందరు మొహం చిట్లించారు. ఆవిడ మాత్రం అరల మీద తూకానికి ఇంత ధర అని రాయించింది, ప్యాకెట్ల మీద పోషకాల వివరాలు వేయించింది. మన దగ్గర ప్యాకెట్టు మీద గ్రాముకి ఎంతో వేయాలన్న రూలు అమల్లోకి వచ్చింది ఈ మధ్యనే చూడండి.

ఇంకోటి ఇంకా బాగుంటుంది. హన్నాఫోర్డ్ అని మరో కంపెనీ 2006లో కొట్లో ఉన్న సరుకులకి నక్షత్రాలు పెట్టించింది. మంచిదైతే ఒకటి, ఇంకా మంచిదైతే రెండు, అన్నిటికన్నా మంచిదైతే మూడు. దాదాపు 27,000 సరుకుల్ని లెక్క కట్టిస్తే నూటికి 77 వాటికి ఒక్క నక్షత్రమూ రాలేదు! ‘ఆరోగ్యానికి మంచిది’ అని అట్ట మీద పెద్దక్షరాలతో వేసుకున్నవి ఎన్నో అందులో ఉన్నాయి. తన కొట్లో ముప్పాతికకి పైగా సరుకు సున్నా మార్కులదని కొట్టువాడే గోడకెక్కించుకున్నాడన్నమాట. మెచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు మన వీధి చివరి కొట్టుకి వద్దాం. మీ మనవడు ఆదివారం పట్టుకొచ్చాడు చూడండి, మామిడి బొమ్మున్న సీసా. మీ పెరట్లో చెట్టు కింద కూర్చుని, నెత్తిన కాయలు వేలాడుతుంటే, వాడు తాగుతున్నది కొట్లో కొన్న మామిడి డ్రింకు! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీసా లాక్కుని కళ్ళజోడు పెట్టుకుని వెనక చదివాను. ముందువైపు పండు బొమ్మ అరచేయంత ఉంటుంది, వెనక అక్షరాలు చీమ తలకాయంత.

మొదట పదార్థాల వరస. దాన్ని చదవడానికి ఒకే కిటుకు: ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని రూలు. నీళ్ళు ముందుంటాయి. ఆ తర్వాత పండు గుజ్జో చక్కెరో, కంపెనీని బట్టి. తాగడానికి సిద్ధంగా సీసాల్లో అమ్మే పళ్ళ డ్రింకులో పండు కనీసం నూటికి పది పాళ్ళుంటే చాలునని మన దేశపు నిబంధన. నిమ్మ అయితే ఐదు చాలు. పది పాళ్ళ పండుకి అరచేయంత బొమ్మ! ఆ పది పాళ్ళయినా మన రసాలు కావు లెండి. గుజ్జు ఫ్యాక్టరీలకి పోయేది ఎక్కువగా చిత్తూరు వైపు తోతాపురి, అదే మన కలెక్టర్ కాయ. 2025లో ఆ కాయ కొనేవాడు లేక రైతులు ట్రాక్టర్లతో ఫ్యాక్టరీ గేట్ల ముందు పడిగాపులు పడితే, కిలోకి ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు రూపాయలు ఇవ్వాలని తేల్చారు. సీసాలో పండు పాలు ఇంకో పది పెంచమని రూలు పెడితే పిల్లలకీ రైతుకీ ఇద్దరికీ బాగుండేది. నా మాట వినేదెవరు గానీ.

తర్వాత చక్కెర. ఇలాంటి డ్రింకులు చాలా వాటి మీద 100 మిల్లీలీటర్లకి 12 నుంచి 15 గ్రాముల దాకా కనిపిస్తుంది. మధ్యస్థంగా పద్నాలుగనుకుందాం. పావు లీటరు సీసాకి 35 గ్రాములు, అంటే చెంచాతో ఏడు చెంచాలు. కాఫీలో మనం ఏడు చెంచాలు వేసుకుంటామా? ఆ పక్కనే ఇంకో అంకె ఉంటుంది, రోజుకి కావలసినదాంట్లో నూటికి ఇంత అని. అసలు తిరకాసంతా అక్కడుంది వదినగారూ. ఆ నూటికి లెక్క కట్టడానికి ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., రోజుకి చేర్చుకున్న చక్కెర 50 గ్రాములు అని పెట్టుకుంది. ఆ లెక్కన 35 గ్రాములంటే డెబ్భై శాతం. ‘ఇంకా ముప్పై ఉంది కదా’ అనిపిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార సూచనల్లో మాత్రం 25 గ్రాములు దాటద్దని ఉంది. ఆ లెక్కన అదే సీసా నూట నలభై శాతం! రెండూ ప్రభుత్వ సంస్థలే. సీసా ఒకటే, తాగే పిల్లాడూ ఒకడే. ఈ మాట కొట్లో ఆ సీసా తీస్తున్నప్పుడు ఒకరు చెప్పాలా వద్దా? నేను డిగ్రీ చదివి, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మీద భాగహారం చేస్తే తేలింది. మీ మనవడికి ఎలా తేలుతుంది?

అలాంటివి ఆ కొట్లో ఎన్నో. గోధుమ బిస్కెట్టని బొమ్మలో కంకులు వేస్తారు, వెనక చూస్తే మొదట మైదా ఉంటుంది. వేరుశెనగ నూనె మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాస్తారు. కొలెస్ట్రాల్ ఉండేది జంతువుల నుంచి వచ్చినవాటిలో. వేరుశెనగ నూనెలో లేదని గొప్పగా రాయడం, కందిపప్పులో ఎముకలు లేవని రాయడం లాంటిది. దాన్ని చూసి మా తోడికోడలు ఒక ప్యాకెట్టు బదులు రెండు తెచ్చింది, ‘ఇందులో ఆ జబ్బుది లేదట’ అని. నూనెకి కూడా ఇందాకటి ఆహార సూచనల్లోనే లెక్కుంది: మనిషికి రోజుకి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. ఆవకాయలో పోసిన నూనె అందులో కలపాలా వద్దా అని మాత్రం నన్నడక్కండి. కలిపితే మన రెండిళ్ళూ పరీక్ష తప్పుతాయి.

ఆఁ, అన్నయ్యగారి మామిడిపండు దగ్గర కదా మొదలెట్టాం. ఢిల్లీ డాక్టర్లు షుగరున్న 35 మంది మీద ఎనిమిది వారాలు చేసిన పరీక్ష ఒకటి 2025లో అచ్చయింది. పొద్దున టిఫిన్లో బ్రెడ్డు మాన్పించి, దాని బదులు 250 గ్రాముల మామిడిపండు పెట్టారు. షుగరు పెరగలేదు సరికదా, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంటుంది చూడండి, అది కాస్త తగ్గింది. ఏ పండనుకున్నారు? సఫేదా, దశేరి. సఫేదా అంటే మరేం కాదు, మన బంగినపల్లికి ఢిల్లీలో పేరు. మన చిన్నరసాన్నీ పెద్దరసాన్నీ ఎవరూ పరీక్షకి పిలవలేదు, అది నాకు కాస్త చిన్నతనంగానే ఉంది.

ఆగండాగండి, అన్నయ్యగారికి అప్పుడే చెప్పేయకండి! అందులో కీలకం ‘బదులు’ అన్న మాటలో ఉంది. వాళ్ళు బ్రెడ్డు తీసేసి పండు పెట్టారు. మనమేం చేస్తాం? పప్పన్నం, కూరన్నం, పులుసన్నం అన్నీ అయ్యాక, పెరుగన్నంలోకి పండు. బండి నిండి తలుపు మూశాక ఇంకో నలుగుర్ని ఎక్కించే పద్ధతి మనది. పండు తినాలంటే ఆ పెరుగన్నం సగం తగ్గాలి. అదీ ఎంతో, ఎప్పుడో ఆయన రిపోర్టులు చూసి డాక్టరు గారే తేల్చాలి. పైగా చిన్నరసం సంగతి తెలుసుగా. రెండు అరచేతుల మధ్య పెట్టి మెత్తగా నలిపి, మూతి దగ్గర చిన్న చిల్లు పెట్టి నోట్లో పెట్టుకున్నామా, టెంక తెల్లబడేదాకా వదలం. బంగినపల్లి అయితే ముక్కలు కోసి పళ్ళెంలో ఇన్ని అని లెక్క పెట్టచ్చు. రసానికి లెక్కేముంది? బుట్ట పక్కనే కూర్చుంటాం. ఒక్క కాయతో లేచినవాణ్ణి మా ఇంట్లో నేనింతవరకు చూడలేదు.

మామిడిపళ్ళమ్మే బండి దగ్గర ఈ ఒక్క ముక్క, ‘అన్నం తగ్గించి పండు తినండి, అన్నం మీద తినకండి’ అని చెప్పే మనిషి ఉంటే అన్నయ్యగారికి ఆ ‘పేరెత్తద్దు’ అన్న శిక్ష పడేది కాదేమో. మన దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పది లక్షల మందని 2023లో ఐ.సి.ఎమ్.ఆర్. లెక్క తేల్చింది. గట్టు మీద కూర్చుని ఇవాళో రేపో అందులో పడబోయేవాళ్ళు ఇంకో పదమూడు కోట్ల అరవై లక్షలు. ఇంతమందికీ ఆస్పత్రి మంచాల దగ్గర చెప్పి ఎప్పటికి తెములుతుంది?

సరే, సూపర్ మార్కెట్లు, సీసాలు డబ్బున్నవాళ్ళ గోల అంటారు. రేషను బియ్యం మాటకి రండి మరి. మొన్న మీరు అరుగు మీద చేట పెట్టుకుని ఏరుతున్నారు. మామూలు గింజల మధ్య అక్కడక్కడ ఒక గింజ, కాస్త రంగు తేడాగా, మొద్దుగా ఉంటుంది. వాటిని ఒక్కొక్కటే గోటితో పక్కకి నెట్టి గుప్పెడయ్యాక కోళ్ళకి వేశారు. ‘ప్లాస్టిక్ బియ్యం, కడిగితే పైకి తేలుతున్నాయి’ అన్నారు. మీరొక్కరే కాదు, మన వీధి వీధంతా అదే మాట. మన జిల్లాలో ఎన్ని ఊళ్ళలో ఈ మాట మీద గొడవలయ్యాయో!

అవి ప్లాస్టిక్ కావు వదినగారూ. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్ కలిపి, మిషన్లో పెట్టి మళ్ళీ గింజ ఆకారంలో తీసినవి. వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపారు. నొక్కి చేసిన గింజ కాబట్టి అసలు గింజంత గట్టిగా ఉండదు, నీళ్ళలో తేలుతుంది. రక్తం తక్కువున్న ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసమని పెట్టిన ఏర్పాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో పదిమందికి దాదాపు ఆరుగురు రక్తహీనత ఉన్నవాళ్ళే. ఆ ఐరన్‌ని మనం ఓపిగ్గా గింజ గింజా ఏరి కోళ్ళకి పెడుతున్నాం. మీ పెట్టలు అంత నిగనిగలాడటానికి కారణం నాకిప్పుడు తెలిసింది.

అందరికీ ఒకే మందు బియ్యంలో కలిపి పెట్టచ్చా అని శాస్త్రజ్ఞుల్లోనే వాదన ఉంది, అది కూడా చెప్పాలి. ఉండనీయండి, వాదన మంచిదే. కానీ మీ చేటలోకి ఆ గింజ ఎందుకొచ్చిందో మీకు ఎవరూ చెప్పకపోవడం ఎక్కడి న్యాయం? డీలర్ని అడిగితే ‘నాకేం తెలుసమ్మా, పైనించి అలాగే వచ్చాయి’ అన్నాడు. అతనిది తూకం పని, వేలిముద్ర పని. కోట్ల రూపాయలు పెట్టి గింజ తయారుచేశారు, లారీల్లో ఊరూరా పంపారు. తక్కెడ పక్కన నిలబడి ‘అమ్మా, ఇది ఏరకండి’ అని చెప్పడానికి ఒక్క మనిషిని పెట్టడం మాత్రం ఎవరికీ తోచలేదు. రేషను బళ్ళు ఇంటి ముందుకొచ్చిన రోజుల్లోనూ లేదు, 2025 జూన్ నుంచి మళ్ళీ కొట్లకి మార్చాకా లేదు.

చెప్పేవాళ్ళే లేరా అంటే, ఎందుకు లేరు! టీవీ పెడితే వాళ్ళే. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేకుండా వండుకోమన్నారు. మా అత్తగారు కొన్నాళ్ళు అలాగే వండి పెట్టారు. మా మామగారు ఆ కొన్నాళ్ళూ పక్క వీధి హోటల్లో కనబడ్డారు. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె వచ్చింది. ఊళ్ళో కొబ్బరినూనె తలకి రాసుకోవడానికి దొరకలేదు. ఆ తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అని మా నాయనమ్మ నోట విన్న పేర్లన్నీ మళ్ళీ వినబడ్డాయి, ఆవిడ కలలోనైనా అనుకోని ధరకి. ఆయనకి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ముగ్గురివీ మూడు దారులు. ఒకరు నూనె మానమంటే ఒకరు తాగమంటారు. ఎవరి వల్ల ఎవరికి మేలయిందో నేను తీర్పు చెప్పను. కిడ్నీ జబ్బున్న మా చిన్నాన్నకి ఏది పనికొస్తుందో, బిళ్ళలు వేసుకునే అన్నయ్యగారికి ఏది పడదో టీవీలో ఉన్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఎదురుగా నిలబడి, ‘మీరేం మందులు వాడుతున్నారు?’ అని అడిగే మనిషి కావాలి. మన కొట్టు శెట్టిగారికి మాత్రం ఏ దారైనా ఒకటే. టీవీలో పొద్దున ఏం చెబితే సాయంత్రానికి అది ముందు అరలోకి వస్తుంది.

శెట్టిగార్ని తక్కువ చేయకూడదు. వాళ్ళ నాన్నగారి హయాంలో బాలింతకి ఏమేం కావాలో చెప్పనక్కర్లేకుండా పొట్లాలు కట్టేవారు: శొంఠి, పిప్పళ్ళు, వాము. పసిపిల్లకి కడుపునొప్పంటే ‘వామునీళ్ళు పట్టండి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోండి’ అని ఆ రెండో మాట కూడా చెప్పేవారు. అప్పుడు కొట్లో ఉన్న సరుకంతా ఆయనకి తెలిసినదే. ఇప్పుడు ప్యాకెట్లో ఏముందో ఆయనకీ మనకీ ఒకే మాదిరి తెలియదు.

తెలిసినవాళ్ళు ఉన్నారు, మన పక్కనే ఉన్నారు. ఇందాక చెప్పిన పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే దొర పెట్టిన చిన్న పరిశోధన కేంద్రం. 1958లో హైదరాబాదు వచ్చి తార్నాకలో స్థిరపడింది. గోపాలన్ గారు అక్కడ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో భారతీయుల తిండిలో ఏ గింజలో ఏముందో పట్టికలు వేసి 1971లో పుస్తకం తెచ్చారు. మా కోడలు పిల్లకి ఇప్పటికీ ఆ పట్టికలే దిక్కట. పిల్లల చూపు పోకుండా ఆర్నెల్లకోసారి విటమిన్ ఏ చుక్కలు వేసే పద్ధతి వెనక ఉన్నదీ ఆ సంస్థ పరిశోధనే, 1970లో జాతీయ కార్యక్రమంగా మొదలైంది. గోంగూర దగ్గర్నుంచి కొర్రల దాకా అన్నీ తూచి, పరీక్షించి, రాసి పెట్టిన వాళ్ళు తెలుగు నేల మీదే ఉన్నారు. తార్నాక నుంచి నూజివీడు ఎంత దూరమో నాకు తెలీదు గానీ, ఆ పుస్తకం మాత్రం ఇంకా చేరలేదు.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారా? ఉంది. 1975 నుంచి ఉంది. మన ఆయమ్మ గుడ్డూ పాలూ ఇస్తూ గర్భిణులకి నాలుగు మంచి మాటలు చెబుతుంది. కానీ ఆ ఏర్పాటు తల్లులకీ బడికి వెళ్ళని పిల్లలకీ. యాభై ఐదేళ్ళ అన్నయ్యగారు వెళ్ళి ‘నాకు షుగరు, ఏం తినాలి’ అంటే ఏ రిజిస్టర్లో రాస్తుంది పాపం?

అందుకే నాకు తోచింది చెబుతాను. అమెరికా పద్ధతి యథాతథంగా మనకొద్దు. కొట్టువాడి జీతం తీసుకునే డైటీషియన్ మా కోడలంత మంచి పిల్ల అయినా ‘కొనద్దు’ అన్న మాట అనలేదు. ‘కొనద్దు’ అనలేని చోట సలహా సగమే. ఆ మనిషి జీతం ప్రభుత్వం ఇవ్వాలి, కూర్చోవడం మాత్రం కొట్టు దగ్గరే కూర్చోవాలి. మన రాష్ట్రంలో రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. ధరల బోర్డు ఉంటుంది, తూకాలు సరిచూసే ఏర్పాటుంటుంది. వాటి పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు. వారానికి రెండు పూటలు చాలు. నెల మొదటి వారంలో రేషను కొట్టు దగ్గర. మామిడి కాలంలో పళ్ళ బళ్ళ దగ్గర. హోమ్ సైన్సూ న్యూట్రిషనూ చదివి, పెళ్ళయ్యేదాకా ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్న ఆడపిల్లలు మన చుట్టుపక్కలే ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు. ఎవరు పడితే వాళ్ళు డైటీషియన్‌నని బోర్డు పెట్టకుండా 2021లో చట్టం కూడా వచ్చింది, డాక్టర్లూ నర్సులూ కాని పలు ఆరోగ్య వృత్తుల వాళ్ళకి కలిపి. చదివినవాళ్ళు ఉన్నారు, చట్టం ఉంది, చెప్పాల్సిన విషయం పుస్తకాల్లో ఉంది. లేనిది ఆ బల్ల.

నవ్వకండి. ‘గోడ మీద కూర్చుని ప్రభుత్వాన్ని నడిపేస్తున్నావు’ అని మా ఆయనా అంటారు. పోనీ, బల్ల వచ్చేదాకా మనం చేయగలిగింది మనం చేద్దాం. ఆ బియ్యం గింజలు ఏరడం మానండి. మీ మనవడి సీసా వెనక చక్కెర వరస వాడి చేతే పైకి చదివించి, కట్టాల్సిన లెక్క వాడి చేతే కట్టించండి, ఆరో తరగతి పిల్లాడికి ఆ మాత్రం రాదా? అన్నయ్యగార్ని ఈసారి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ‘పెరుగన్నం తగ్గించి అర పండు తినచ్చా’ అని నోరు విప్పి అడగండి. రెండు పండ్లు అడగనివ్వకండి.

సోమవారం సబ్ కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. రైతుబజార్లో ఆ బల్ల వేయించమని అర్జీ నేను రాస్తాను, నాది ముత్యాల్లాంటి దస్తూరీ. మొదటి సంతకం మీరు పెట్టండి, రెండోది ఆయమ్మ చేత పెట్టిద్దాం. పన్నెండు లోపే వెళ్ళాలి, ఆ తర్వాత ఎండ.